స్ప్రింగు పోయిన హార్మోనియం



తెనాలి ప్రాంతంలోని ఒక పల్లె సంఘంలో నేను సేవ చేస్తున్నాను. అది 2019వ సంవత్సరం. శ్రమల దినాలలో రెండవ ఆదివారం ఆరాధన జరుగుతున్నది. కీర్తన మధ్యలో మా గుడి హార్మోనియం ఒక్కసారిగా మూలగడం మొదలుపెట్టింది. టీచరమ్మగారు మెట్ల మీద నుండి వేళ్ళు తీసివేసినా ఆ మూలుగు ఆగలేదు. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు నవ్వారు. ఆమె గబగబా తొక్కడం ఆపివేశారు. ఎడమ కాలి పెడలు కిందనే ఉండిపోయింది, పైకి రాలేదు. మిగిలిన చరణాలు వాద్యం లేకుండానే పాడుకున్నాము.

మా గుడిలోనిది చేతితో తిత్తి ఊపే చిన్న పెట్టె కాదు. కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం. ఎప్పుడు వచ్చిందో రిజిస్టరులో లేదు. మిషనరీ దొరసానిగారు విడిచి వెళ్ళారని పెద్దలు చెబుతారు. హార్మోనియం అనేది 1840లలో పారిస్ నగరంలో పుట్టి పేరు తెచ్చుకున్న వాద్యం. ఆ దశకంలోనే, 1842లో, ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చారు. తరువాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని వాయించడానికి వీలుగా చేతి హార్మోనియం తయారు చేశారు. 1940 నుండి 1971 వరకు రేడియోవారు హార్మోనియాన్ని తమ గడప తొక్కనివ్వలేదు. అయినా గుళ్ళు, భజన మందిరాలు, నాటకాల పందిళ్ళు దానిని విడిచిపెట్టలేదు.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. యువకులు కీబోర్డు కొనాలన్నారు. ఒక పెద్ద, "ఆ పాతదాని చెక్కకైనా నాలుగు డబ్బులు వస్తాయి" అన్నారు. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు తల ఊపినవాడిని నేనే. మరునాడు టీచరమ్మగారితో, "అమ్మా, ముప్పై ఎనిమిదేళ్ళు వాయించారు. ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాను. అది దయగల మాట అనే అనుకున్నాను. ఆమె "అలాగే అయ్యగారూ" అని, గుడిలోకి వెళ్ళి హార్మోనియం మూత వేసి, తెల్లని గుడ్డ కప్పి వెళ్ళిపోయారు.

తరువాతి ఆదివారం ఆమె ఆరాధనకు రాలేదు. ఆ తరువాతి ఆదివారమూ రాలేదు.

నేనూ మా ఇంటివారూ ఆమెను చూడడానికి వెళ్ళాము. చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. "మోకాళ్ళ నొప్పులు అయ్యగారూ, నడవలేకపోతున్నాను" అన్నారు. ప్రార్థన చేసి లేచాము. గుమ్మం దాకా వచ్చి నవ్వుతూ అన్నారు: "స్ప్రింగు పోయినదానిని మూలన పెట్టడం న్యాయమేలెండి. నా మోకాలి సంగతి కూడా అంతేగా."

ఆమె నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేదాంత విద్యాలయంలో డిప్లొమా చదివేటప్పుడు వృద్ధుల పరామర్శ గురించి పరీక్ష రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ పాఠం కాగితం మీదనే ఉండిపోయిందని ఇప్పుడు తెలిసింది.

మరునాడు సంఘపు కుర్రాడొకడు టార్చి పట్టుకోగా హార్మోనియం వెనుక చెక్క విప్పాను. లోపల ప్రతి మెట్టు కింద తోలు అతికించిన చిన్న చెక్క మూత ఉన్నది. పిన్నీసులాగా మధ్యలో ఒక చుట్టు తిరిగిన సన్నని తీగ స్ప్రింగు ఆ మూతను రంధ్రానికి అదిమి పట్టి ఉంచుతుంది. మెట్టు నొక్కితే మూత లేచి, గాలి ఇత్తడి రీడు గుండా పోయి స్వరం పలుకుతుంది. వేలు తీయగానే స్ప్రింగు మూతను మళ్ళీ మూసివేస్తుంది. మా పెట్టెలో మూడు మెట్ల స్ప్రింగులు తుప్పు పట్టి విరిగిపోయాయి. అందుకే నొక్కకుండానే మూలుగు. ఎడమ పెడలును పైకి తెచ్చే చుట్ల స్ప్రింగు సాగిపోయి, తిరిగి ముడుచుకోవడం మరచిపోయింది. మిగతాది అంతా బాగానే ఉన్నది. రీడ్లు బాగున్నాయి, తిత్తి బాగున్నది. నాలుగు స్ప్రింగులు పోయినందుకు మొత్తం పెట్టెను చెక్కల ధరకు అమ్మబోయాము.

అప్పటినుండి వెతుకులాట. సైకిలు షాపులో దొరికిన స్టాండు స్ప్రింగు తెచ్చి పెడలుకు తగిలించాను. నా కాలునే ఎగరగొట్టింది. ఇక ఆమె మోకాలు ఏమౌతుంది? సన్నటి స్ప్రింగు ఒకటి వెల్డింగు షాపులో దొరికింది. కొక్కెం సరిపోకపోతే ఆ అబ్బాయి దానిని ఎర్రగా కాల్చి వంచాడు. కాలిన మేర ఉక్కు బిగువు పోయింది. రెండుసార్లు తొక్కేసరికి కొక్కెం చాచుకుపోయింది. గుంటూరులో ఒక వాద్యాల దుకాణానికి వెళితే, "అవి ఇప్పుడు రావండీ, పెట్టెను షోకేసుగా వాడుకోండి" అన్నారు.

సౌలు దినాలలో ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరివాడు లేకపోయాడని, నాగటి నక్కులు సాన పట్టించుకోవడానికి జనులు ఫిలిష్తీయుల దగ్గరకు పోవలసి వచ్చిందని మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో చదువుతాము. ఆ భాగం మీద చాలాసార్లు ప్రసంగించాను. బాగుచేసేవాడు లేకపోవడం ఎంత లోటో ఆ వారంలో తెలిసింది.

చివరకు ఆ వెల్డింగు అబ్బాయి తండ్రే దారి చెప్పాడు. "తెనాలిలో నాటకాల హార్మోనిస్టు ఒకాయన ఉన్నారండీ. ఆయన దగ్గర లేకపోతే ఇక ఎక్కడా లేవు." నాకు కొంచెం సంకోచం కలిగింది. పద్య నాటకాల గురించి, రాత్రంతా వాటి ముందు కూర్చునేవారి గురించి కూటాలలో నేను కఠినంగా మాట్లాడి ఉన్నాను. ఫిలిష్తీయుల దగ్గరకు పోతున్నాననే భావం మనసులో లేకపోలేదు.

ఆయనకు ఎనభై దాటాయి. హరిశ్చంద్ర నాటకానికి ఎన్ని రాత్రులు తొక్కారో లెక్కలేదట. సంగతి విని, అలమరలో నుండి ఒక పాత హార్లిక్సు సీసా తీశారు. దాని నిండా స్ప్రింగులు. పాడైపోయిన హార్మోనియాలు విప్పినప్పుడల్లా మంచి స్ప్రింగులు తీసి, నూనె గుడ్డతో తుడిచి దాచారు. ఒక్కొక్కటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూస్తూ అడిగారు:

"ఎవరు తొక్కుతారు బాబూ?"

"మా టీచరమ్మగారండీ. డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులు."

"అయితే ఇది వద్దు, మెత్తటిది కావాలి" అని చేతిలోనిది సీసాలో వేసి మరొకటి తీశారు.

చదువరులారా, నేను అన్ని దుకాణాలు తిరిగి పెట్టెకు స్ప్రింగు అడిగాను. ఆయన మనిషికి స్ప్రింగు వెతికాడు.

ఆయన దగ్గర ఆ పూట చాలా నేర్చుకున్నాను. స్ప్రింగుకు పొడవు ఒక్కటే చూస్తే చాలదు. తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అన్నీ కుదరాలి. తరువాత హైస్కూలు లెక్కల మాస్టారు ఇంకొంచెం విడమరచి చెప్పారు. మిగతావన్నీ అలాగే ఉండి తీగ మందం రెట్టింపయితే బిగువు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుందట. చుట్లు ఎక్కువైన కొద్దీ స్ప్రింగు మెత్తబడుతుంది. విరిగిన మూడు చిన్న స్ప్రింగులకు జత దొరకకపోతే, ఆయన పియానో తీగ ముక్క తీసి సన్నని కడ్డీ మీద చుట్టారు. నిప్పు చూపించలేదు. చుట్టి వదలగానే తీగ కొంచెం విచ్చుకుంటుంది గనుక, కావలసిన దానికంటే సన్నని కడ్డీ తీసుకోవాలన్నారు.

శనివారం ఆయనే బస్సెక్కి మా ఊరు వచ్చారు. మూతలకు కొత్త తోలు అతికించి, స్ప్రింగులు బిగించేసరికి నాలుగు గంటలయింది. చేతులు కడుక్కుని, అక్కడున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచారు. కీర్తనల పైన రాగం, తాళం ముద్రించి ఉండడం చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఆనందభైరవి! ఇది మాకు తెలిసినదే కదా బాబూ" అన్నారు. కూర్చుని తొక్కారు. ఆ పాత పెట్టెలో అంత స్వరం ఉన్నదని మాకే తెలియదు. పొలం నుండి వస్తున్న ఆడవారు గుమ్మం దగ్గర ఆగిపోయారు. వారి వెనుక టీచరమ్మగారు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరు కబురు పెట్టారో తెలియదు.

ఆయన లేచి, "రండమ్మా, మీ కాలికి చూసుకోండి" అన్నారు. ఆమె కూర్చుని ఎడమ కాలు ఆనించారు. పెడలు కిందికి వెళ్ళి, మెల్లగా, పసిబిడ్డను లేపినంత మెత్తగా పైకి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని కీర్తన ఎత్తుకున్నారు.

ఆ రోజే నేను అందరి ముందు ఆమెను క్షమాపణ అడిగాను. కూలి ఇవ్వబోతే హార్మోనిస్టుగారు బస్సు చార్జీ మాత్రమే తీసుకున్నారు. "మా ఇంట్లో పెట్టె లేదిప్పుడు. అప్పుడప్పుడు వచ్చి దీన్ని వాయించుకోవచ్చా?" అని అడిగారు. నాటకాలవారి గురించి నేను మాట్లాడిన మాటలు ఆయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన నవ్వి, "మేము మాత్రం స్టేజీ మీద పాస్టర్లను ఊరికే వదిలామా బాబూ" అన్నారు. నేను అనుకున్న ఫిలిష్తీయుడు ఆ ఇంట్లో లేడు.

ఏప్రిల్ 21న పునరుత్థాన పండుగ. తెల్లవారుజామున టీచరమ్మగారే వాయించారు. ఆ క్రిస్మసుకు కీబోర్డు కూడా కొన్నాము. యువకులు చక్కగా వాయిస్తారు. కరెంటు పోయినప్పుడు మాత్రం అందరి చూపు హార్మోనియం వైపు తిరుగుతుంది. ఇద్దరు ఆడపిల్లలు టీచరమ్మగారి దగ్గర నేర్చుకుంటున్నారు. పై చివరి మెట్టు ఒకటి ఇప్పటికీ సరిగా పలకదు. దానితోనే సర్దుకుంటున్నాము.

2021లో హార్మోనిస్టుగారు కన్నుమూశారు. నెల తిరగకముందే ఆయన కుమారుడు ఆ హార్లిక్సు సీసా తెచ్చి, "నాన్న మీకు ఇమ్మన్నారు" అని నా చేతిలో పెట్టాడు. అది మా గుడిలో కీర్తనల పుస్తకాల పక్కనే ఉన్నది.

ప్రియులారా, మీ గుడి మూలన గుడ్డ కప్పి ఉంచినది ఏదైనా ఉంటే, ఒకసారి వెనుక చెక్క విప్పి చూడండి. ఈ మధ్య ఆరాధనకు రాని పెద్దవారు ఎవరైనా ఉంటే, కీబోర్డు లెక్క చూసుకునే ముందు వారి ఇంటికి వెళ్ళిరండి. వారిని విశ్రాంతి తీసుకోమని చెప్పడానికి మాత్రం వెళ్ళకండి.