లాక్ ఫైల్లో భూపాలపల్లి

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. అప్పట్లో హనుమకొండలో తెలిసినవాళ్ళ విత్తనాల ఆఫీసు ఒకటి ఉండేది. అక్కడి మూడు కంప్యూటర్లకీ నేనే ఆ మూడు పేర్లు పెట్టాను. ఏ జిల్లా బిల్లులు చూసే సీటుకి ఆ పేరు. లెక్కలన్నీ ఒకే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్లో, ఆ ఫైలేమో ఎప్పుడూ ఆన్‌లో ఉండే జనగామ కంప్యూటర్లో. నేను హైదరాబాద్ నుంచి రాత్రిపూట రిమోట్‌లో అందులోకి వెళ్ళి, ఫైల్ని కంపాక్ట్ చేసేవాణ్ణి. దానికి ఇంకెవరూ ఫైల్ తెరిచి ఉండకూడదు.

ఓ రాత్రి కుదర్లేదు. ఎవరో వాడుతున్నారంది.

యాక్సెస్ ఫైల్ని నలుగురూ పంచుకుని వాడుతుంటే పక్కనే చిన్న లాక్ ఫైల్ ఒకటి పుడుతుంది. ఒక్కో ఎంట్రీకి 64 బైట్లు: సగం కంప్యూటర్ పేరు, సగం లాగిన్ పేరు. నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. విడిగా లాగిన్లు పెట్టలేదు కాబట్టి అందరూ 'అడ్మిన్'లే. కంప్యూటర్లు రెండు: జనగామ, భూపాలపల్లి. జనగామ అంటే నేనే. ఇక మిగిలింది భూపాలపల్లి.

ఆ సీట్లో కూర్చునే అక్కకి ఫోన్ చేశాను.

"మూసిన తమ్ముడూ. కంప్యూటర్ గూడ బంద్ జేసిన."

నమ్మలేదు. ఓనర్‌కి మెసేజ్ పెట్టి పడుకున్నాను. పొద్దున ఆయన అందరి ముందూ ఆమెని గట్టిగా తిట్టాడట.

వారం తర్వాత, ఆమె సెలవులో ఉన్న రోజు, మళ్ళీ అదే గొడవ. ఈసారి లాక్ ఫైల్లో జనగామ ఒక్కటే ఉంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే, నేను మూసేశాననుకున్న యాక్సెస్ కిటికీ లేకుండా లోపల నడుస్తూనే ఉంది. నా కోడ్ తెరిచిన డేటాబేస్‌ని నా కోడే మూయలేదు.

అప్పుడు కూర్చుని చదివాను. బయటికి వెళ్ళినవాళ్ళ పేరుని లాక్ ఫైల్ చెరపదు. చివరి మనిషి వెళ్ళాక మొత్తం ఫైలే పోతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్ లాంటిదన్నమాట: వచ్చిన టైం రాస్తారు, పోయిన టైం ఎవరూ రాయరు. ఆ రాత్రి ఆఖరి మనిషిని నేనే. నేను వెళ్ళలేదు కాబట్టే ఆమె పేరు మిగిలింది.

నిజంగా ఎవరున్నారో తెలియాలంటే ఏడీఓ ద్వారా యూజర్ రోస్టర్ అడగాలి. అందులో 'కనెక్టెడ్' అని ఒక కాలమ్ ఉంటుంది. 'సస్పెక్ట్ స్టేట్' అని ఇంకోటి. అవేవీ చూడకుండానే నేను మనిషిని అనుమానించాను.

ఓనర్‌కి చెప్పాను. "పోనీలే, ఇప్పుడు సరైందిగా" అన్నాడు. అక్కకి ఫోన్ చేసి సారీ చెప్పాను.

"నేను చెప్పిన గద తమ్ముడూ" అంది, అంతే.

తిట్టింది ఆఫీసంతా విన్నారు. నా సారీ మాత్రం ఆమె ఒక్కతే వింది.