కొత్తవాళ్లు రాని రోజున

‘ట్వెల్వ్ డైలీ ప్రో’ అన్న పేరు వింటే నాకు డబ్బు కన్నా ముందు మోడెమ్ చప్పుడే గుర్తొస్తుంది. అమెరికాలో 2006లో మూతపడిన ఆన్‌లైన్ పథకం అది. యూనిట్ 6 డాలర్లు. రోజుకు 12 శాతం చొప్పున 12 రోజులు ఇస్తామన్నారు. అంటే అసలు పోగా 44 శాతం లాభం. సభ్యులు చేయాల్సిందల్లా రోజూ 12 వెబ్ పేజీలు చూడటం.

డయల్-అప్ ఉన్న ఇంట్లో అదేం చిన్న పని కాదు. 56 కిలోబిట్ల మోడెమ్ ఎంత బాగా పనిచేసినా సెకనుకు 7 కిలోబైట్లు దాటదు. 300 కిలోబైట్ల పేజీకి ముప్పావు నిమిషం. బొమ్మ పైనుంచి గీత గీతగా దిగుతుండగా ఇంట్లో ఎవరైనా ఫోనెత్తితే మళ్లీ మొదటికే. అంత ఓపిగ్గా కూర్చున్నవారికి అది కష్టార్జితంలాగే అనిపించి ఉంటుంది. నన్ను బాధపెట్టేది అదే.

3 లక్షల మందికి పైగా సభ్యుల నుంచి 5 కోట్ల డాలర్లకు పైగా వసూలైందని, పథకం ఆదాయంలో కనీసం 95 శాతం కొత్త, పాత సభ్యులు కట్టిన సొమ్మేనని అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ కోర్టుకు చెప్పింది.

ఇలాంటి పథకాలు కొన్ని ఉన్నట్టుండి ‘ఇకపై ప్రైవేట్, కొత్తవారిని చేర్చుకోం’ అంటాయి. లోపలున్నవారు అదృష్టవంతులమని మురిసిపోతారు. కానీ కొత్తవారే రాకపోతే ఇవ్వడానికి డబ్బెక్కడిది? నిజమైన వ్యాపారానికి అమ్ముకోవడానికి సరుకుంటుంది. వీటికి సభ్యులే సరుకు.

ఇప్పుడు ఫోన్‌లో రెప్పపాటున డబ్బు వెళ్లిపోతోంది. పంపేముందు ‘ఈ లాభం ఎవరి జేబులోంచి వస్తోంది?’ అని ప్రతి ఒక్కరూ అడిగి తీరాలి.