ఇందులో గోధుమ కలిసిందా, అన్నా?

"అన్నా, ఈ జొన్నరొట్టెల్లో గోధుమ పిండి ఏమన్నా కలుపుతారా?"

మా పెద్దమ్మాయి ఇట్లు అడిగినప్పుడు ఆ హోటలు అబ్బాయి నీళ్ల జగ్గు చేతిలో పట్టుకొని ఆమె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూచి నవ్వినాడు. "జొన్నరొట్టె అంటే జొన్నలే కదా పాపా" అన్నాడు.

"వంటాయన్ను ఒకసారి అడిగి రాన్నా" అని ఆమె విడిచిపెట్టలేదు.

పోయిన సంవత్సరము మేము కడప నుండి కర్నూలు వెళ్లుచు, ఆసుపత్రిలో ఉన్న ఒక విశ్వాసిని చూచుటకు నంద్యాలలో దిగినాము. ఆ పని ముగియుసరికి ఒంటిగంట దాటినది. బోర్డు మీద రాగి సంగటి, జొన్నరొట్టె, నాటుకోడి పులుసు అని వ్రాసియుంటే ధైర్యము చేసి ఆ హోటలులోనికి వెళ్లినాము. పక్క బల్ల వారు తిని తిని మా వైపు తిరిగి చూడసాగిరి. చదువరులారా, దాచక చెప్పుచున్నాను. ఆ క్షణములో "పోనీలేమ్మా, పెరుగన్నము తిని లేద్దాము" అనుటకు నా నోరు తెరచుకున్నది. ఆదివారము వందల మంది ఎదుట నిలిచి గొంతెత్తి మాట్లాడు నాకు, హోటలులో ఒక మాట అడుగుటకు సిగ్గు!

ఆ అబ్బాయి లోపలికి వెళ్లినాడు. అతడు తిరిగి వచ్చులోగా ఈ ప్రశ్న మా ఇంటికి ఎట్లు వచ్చినదో చెప్పెదను.

మా అమ్మాయి ఆరేండ్ల వరకు చక్కగా పెరిగినది. ఆ తరువాత కడుపు ఉబ్బరము, విరేచనములు మొదలైనవి. కాళ్లు చేతులు పుల్లల వలె అయినవి. ముఖము పాలిపోయినది. తనకంటె రెండేండ్లు చిన్నదైన చెల్లెలు ఆమెతో సమానమైన ఎత్తునకు వచ్చినది. నులిపురుగులకు మాత్రలు వేసినాము, రక్తము పట్టుటకు టానిక్కు త్రాగించినాము. కొందరు దిష్టి అన్నారు. మీ ప్రార్థనలో లోపమున్నదేమో అయ్యగారూ అన్న వారును ఉన్నారు. ఆ మాట నా భార్య నేటికిని మరువలేదు.

మన ప్రాంతములో జబ్బు మనిషికి ఏమి పెట్టుదుము? పాలలో ముంచిన బ్రెడ్డు, రస్కు, గోధుమ రవ్వ జావ, జ్వరము వస్తే బార్లీ నీళ్లు. అన్నము బరువు, బ్రెడ్డు తేలిక అని మన నమ్మకము. మేమును అట్లే చేసినాము. ఎంత చిక్కిపోతే అంత ప్రేమగా బ్రెడ్డు పెట్టినాము. రాత్రివేళ ఆ బ్రెడ్డు మీద చేయి ఉంచి ప్రార్థించి, నా చేతితోనే తినిపించినాను. రెండేండ్లు.

2019లో ఆమెను వేలూరు తీసుకొనిపోయినాము. అప్పటికి ఎనిమిదేండ్లు. మొదట రక్తపరీక్ష, పిమ్మట సన్నని గొట్టము నోటి ద్వారా పంపి చిన్నప్రేగు నుండి ఇసుమంత ముక్క తీసి పరీక్షించుట జరిగినది. సీలియాక్ వ్యాధి అని తేలినది. గోధుమలోను బార్లీలోను గ్లూటెన్ అను మాంసకృత్తు ఉన్నది. అందరికీ అది ఆహారమే. ఈ వ్యాధి ఉన్నవారికి మాత్రము అది లోపలికి పోగానే, శరీరమును కాపాడవలసిన శక్తి తిరుగబడి తన చిన్నప్రేగునే గాయపరచును. ప్రేగు లోపల సన్నని వెంట్రుకల వలె ఉండి ఆహారసారమును పీల్చు నూగు అరిగి చదునైపోవును. ఇక ఎంత తిన్నను ఒంటబట్టదు. దీనికి మందు లేదు, గ్లూటెన్ మానుటయే చికిత్స. అదియు జీవితమంతయు. "చపాతీ పెట్టకపోతే చాలునా డాక్టరుగారూ?" అని నా భార్య అడిగినది. "ఒక చిటికెడు పిండి కూడ లోపలికి పోరాదమ్మా" అని చెప్పినారు.

ఆ రాత్రి కాట్పాడి స్టేషనులో రైలు కొరకు కూర్చున్నప్పుడు నేను మాట్లాడలేకపోయినాను. నా చేతి బ్రెడ్డే కదా!

గోధుమకు ఈ జబ్బుకు గల సంబంధము లోకమునకు తెలిసిన విధము వింటే కరువు సీమవారమైన మనకు చిత్రముగా ఉండును. హాలెండులో విల్లెం డిక్కె అను పిల్లల డాక్టరు ఉండెను. రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944-45 చలికాలములో ఆ దేశములో రొట్టెకు కరువు వచ్చినది. ఊరంతా చిక్కిపోవుచుండగా ఈ జబ్బు పిల్లలు మాత్రము తేరుకొనిరి. రొట్టె మరల దొరకగానే మరల పడిపోయిరి. అంతకు ముందే ఆయనకు గోధుమ మీద అనుమానము ఉండెను, అది బలపడి 1950లో తన పరిశోధన గ్రంథముగా వచ్చినది. మన దేశములో గోధుమ తిను ఉత్తరాదిన వందమందిలో ఒకరికి పైగా ఈ వ్యాధి ఉన్నదని, దక్షిణాదిన వెయ్యిమందిలో ఒకరికేనని 2016లో వచ్చిన పరిశోధన చెప్పుచున్నది. కాబట్టి మన పల్లెలలో దీని పేరు వినని వారిని తప్పుపట్టలేను.

ఇంటిలో మాకు కష్టము లేదు. బియ్యము, రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, వీటిలో దేనిలోను గ్లూటెన్ లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత మా వైపు సంగటి తిను ఇండ్లు తగ్గినవి, తిన్నను చుట్టముల ఎదుట దాచుకొనువారు. పేదల కూడని నేను చిన్నప్పుడు ముఖము త్రిప్పుకున్న ఆ సంగటి ముద్దయే నా బిడ్డకు ఒళ్లు తెచ్చినది. మా అమ్మ ఆమె కొరకు వేరే తిరగలి, వేరే జల్లెడ పెట్టినది. ఆరు నెలలలో బుగ్గలు వచ్చినవి.

గడప దాటితేనే కష్టము. గోధుమ అంటే పూరీ, చపాతీ, ఉప్మా అనుకొంటిమి. అది ఎన్నెన్ని వేషములతో వచ్చునో ఆరేండ్లుగా నేర్చుకొనుచున్నాము. మైదా గోధుమే, బొంబాయి రవ్వ గోధుమే, సేమియా గోధుమే. రాగి సేమియా అని పెద్ద అక్షరములతో ఉన్న పొట్లమును వెనుకకు త్రిప్పి చూడండి, అనేకసార్లు అందులోను గోధుమ పిండి ఉండును. దోసె కరకరలాడుటకు రవ్వ వేయుదురు. బజ్జీ శెనగపిండిదే, కాని పూరీ కాల్చిన నూనెలోనే కాల్చుదురు. గోబీ మంచూరియాలో మైదా, దానిపై పోయు సోయా సాసులోను సాధారణముగా గోధుమ. మమ్మును అందరికంటె ఎక్కువ మోసగించినది ఇంగువ. ఒకసారి కడపలో ఇడ్లీ, సాంబారు తిన్న రాత్రి ఆమె మెలికలు తిరిగిపోయినది. బియ్యము, మినుములు, కందిపప్పు, వీటిలో ఏమున్నదని మేము తల పట్టుకొంటిమి. మరుసటి వారము నా భార్య అంగడిలో ఇంగువ డబ్బా త్రిప్పి చదివి, అక్కడనే నిలిచిపోయినది. ముడి ఇంగువ ఘాటు ఎక్కువ గనుక పిండి, బంక కలిపి అమ్ముదురు. కొందరు బియ్యపు పిండి, కొందరు గోధుమ పిండి. ఆ సాంబారులోనిది ఏదో మాకు తెలియదు. నాటి నుండి "ఇంగువ వేసినారా?" అను ప్రశ్న కూడ చేరినది.

నంద్యాల హోటలునకు తిరిగి వచ్చెదను. అబ్బాయి వెనుక వంట మాస్టరే చేతులు తుడుచుకొనుచు వచ్చినాడు. యాభై దాటిన మనిషి. "అబద్ధం చెప్పను సామీ. నాలుగు పాళ్లకు ఒక పాలు గోధుమ పిండి కలుపుతాము. ఉత్త జొన్నపిండి తట్టే చెయ్యి ఈ పిల్లోళ్లకు ల్యాదు, ఇరిగిపోతాది" అన్నాడు. తరువాత మా అమ్మాయిని, "ఏమైతాది పాపా తింటే?" అని అడిగినాడు. ఆమె నాకంటె బాగుగా, నాలుగు మాటలలో చెప్పినది.

ఆయన నవ్వలేదు. "సంగటి తిను. రాగిపిండి, నూకలు తప్ప ఏమీ ల్యాదు. పులుసులో ఇంగువ ఎయ్యం" అని చెప్పి, గరిటె కడిగించి, గిన్నె అడుగు నుండి కాక మధ్య నుండి తీసి, తానే తెచ్చి వడ్డించినాడు. శెనక్కాయ ఊరిమిండిలో తిరగమోత వేయక ముందుదే ఇచ్చినాడు. ఆమె రెండు ముద్దలు తిన్నది. రాత్రి ఏమగునో అని కర్నూలులో నేను నిద్రపోలేదు. ఏమియు కాలేదు. ఆమె తెల్లవారుదాక హాయిగా నిద్రపోయినది.

ఆ మాస్టరు నిజము చెప్పకపోయిన యెడల మాకు తెలిసెడిది కాదు. కాని అడుగకపోయిన యెడల ఆయన చెప్పుటకు అవకాశమే లేదు. మా సంఘపు ఇండ్లలో ఇది ఇంకను కష్టము. అయ్యగారి బిడ్డ వచ్చినదని ప్రేమతో సేమియా పాయసము చేసిన అవ్వకు వద్దని ఎట్లు చెప్పుట? మొదటిసారి ఆ అవ్వ గిన్నె తీసికొని మాట్లాడక లోపలికి పోయినది. "మా చేతి కూడు పనికిరాదా?" అన్న బాధ ఆ ముఖములో కనబడినది. ఎందుకో ఆ దినమే చెప్పియుండవలసినది. నేను చెప్పలేదు. నెల తరువాత మా అమ్మాయే వెళ్లి చెప్పి వచ్చినది.

చివరకు ప్రశ్న ప్రభువు బల్ల దగ్గరకే వచ్చినది. "నాన్నా, ఆ రొట్టె కూడా గోధుమదే కదా, నేనెట్ల తీసుకోవాల?" అని అడిగినప్పుడు నా వేదశాస్త్ర డిప్లొమాలో జవాబు లేదు. అయిదువేలమందికి పంచిన యవల రొట్టెలు సహితము ఆమె తినలేదు, యవలు అనగా బార్లీయే. గ్లూటెన్ బొత్తిగా లేని అప్పము చెల్లదని, తక్కువగా ఉన్నది చెల్లునని రోమా సంఘము 2017లో మరల స్పష్టము చేసినది. మాకు అట్టి నియమము లేదు గనుక పెద్దలను కూర్చుండబెట్టినాను. ఆమెకు వేరే పళ్లెము పెట్టుదమని కొందరన్నారు. నాకు మనసొప్పలేదు. అందరికిని బియ్యపు రొట్టెయే అని నిర్ణయించినాము. రెండు కుటుంబములవారు నొచ్చుకున్నారు, ఇంకను పూర్తిగా సమాధానపడలేదు. వారి ఇంటికి నేను వెళ్లుచునే ఉన్నాను. ఆ రొట్టె ఇప్పుడు పాయసము అవ్వ చేయుచున్నది, దానికని వేరే పెనము కొన్నది.

వచ్చే నెల మా అక్క కుమార్తె వివాహము కర్నూలులో ఉన్నది. ఎనిమిది వందల మందికి భోజనములు. వంట మేస్త్రీతో మాట్లాడి వచ్చినాను, ఈసారి సిగ్గుపడలేదు. అన్నము, పప్పు, రసము వేరే పొయ్యి మీద ముందుగా తీసి పెట్టుదునన్నాడు. ఇంగువ డబ్బా మాత్రము తానే చదివి కొనితెచ్చెదనని మా అమ్మాయి అన్నది.