గీసినోళ్ల పేరేది?

లేపాక్షి వెళ్తే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, రీల్ తీసి వచ్చేస్తాం కదా. ఈసారి తల పైకెత్తండి. పైకప్పు బొమ్మల్లో గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కనిపిస్తారు. అప్పటి రాజు అచ్యుతదేవరాయలు. ఆయన బంగారు వరహాల మీద గండభేరుండ పక్షి గుర్తు. రాజు పేరు, అధికారి పేరు మిగిలాయి. గీసిన చేతుల పేర్లు మిగల్లేదు.

నాకు ఇది పట్టింపే. అనంతపురంలో ఫ్లెక్సీలు, లోగోలు డిజైన్ చేసి బతుకుతున్నా. "అందరి పేర్లూ ఉండాయి, నీ పేరు యాడుందిరా?" అంటాడు మా నాయన.

అలాంటప్పుడు ఇంగ్లండ్‌లోని ఆన్సెల్మ్ బేకర్ (1833-1885) గుర్తొస్తాడు. మౌంట్ సెయింట్ బెర్నార్డ్ మఠంలో సిస్టర్షియన్ సన్యాసి. సొంత ఆస్తి ఉండకూడదన్నది వాళ్ల నియమం. అలాంటాయన గొప్పింటి వంశాల చిహ్నాలు గీశాడు! ఆ వంశాల వివరాలుండే 'ఫాస్టర్స్ పీరేజ్' పుస్తకంలో దాదాపు మూడింట రెండొంతుల చిహ్నాలు ఆయనవే. వాటికింద 'ఎఫ్.ఎ.' అని ఉంటుంది. ఫ్రేటర్ ఆన్సెల్మ్, అంటే బ్రదర్ ఆన్సెల్మ్.

అన్నీ వదిలేసిన సన్యాసి కూడా ఆ రెండక్షరాలు వదల్లేదు. అది అహం కాదు, పనికి పూచీ. ఇప్పుడు నేనూ ఫ్లెక్సీ మూలన రెండక్షరాలు పెడుతున్నా. తీసెయ్యమంటే, "బిల్లు తగ్గిస్తా గానీ అవి తియ్యనన్నా" అంటున్నా.