పరగడుపు నడక

తెల్లవారుజామున హైదరాబాదు కేబీఆర్ పార్కు గేటు దగ్గరో, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీదో, రాజమండ్రి గోదావరి గట్టు మీదో కాసేపు నిలబడండి. నడిచేవాళ్ళ మాటల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినపడుతుంది. "ఏమైనా తిని వచ్చారా, పరగడుపునేనా?" పరగడుపున నడిస్తేనే కొవ్వు కరుగుతుందని ఒకాయన గట్టిగా చెబుతాడు. "ఏమీ తినకపోతే నాకు కళ్ళు తిరుగుతాయండీ, రెండు బిస్కెట్లైనా నోట్లో వేసుకునే బయల్దేరతాను" అంటుంది పక్కనున్నావిడ. ఎవరి ఒంటి సంగతి వాళ్ళు చెబుతున్నారు కాబట్టి ఎవరినీ కాదనలేం. చిన్నగా కనిపించే ఈ ప్రశ్నంటే నాకు గౌరవం. తినే తిండి, చేసే పని, పడుకునే వేళ, వాడే మందు, చివరికి ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారన్నది కూడా ఇందులోకి వచ్చేస్తాయి.

కడుపు ఖాళీగా ఉన్నంత మాత్రాన ఒళ్ళు ఖాళీ అయిపోదు. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుంది. అప్పటికి అవసరం లేనిది గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ నిలవ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల దాకా ఈ నిలవ ఉంటుంది. మనం నిద్రపోయినా మెదడు పని ఆగదు. దానికి కావలసిన గ్లూకోజును రాత్రంతా కాలేయమే అందిస్తుంది. అందుకే తెల్లారేసరికి కాలేయంలోని నిలవ బాగా తగ్గిపోతుంది. కండరాలు మాత్రం తమ వాటాను రక్తంలోకి వదలవు, తమ పనికే అట్టే పెట్టుకుంటాయి. కాబట్టి పొద్దున లేచేసరికి కాళ్ళలోని నిలవ దాదాపు రాత్రి ఉన్నట్టే ఉంటుంది. ఇది కాక కొవ్వు ఉండనే ఉంది. బక్కపల్చటి మనిషి ఒంట్లో కూడా ఒక పూట నడకకు అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు కొవ్వు ఉంటుంది.

అంటే అరగంటో ముప్పావుగంటో మామూలుగా నడవడానికి ఆరోగ్యవంతులకు పొద్దున్నే కొత్తగా తిండి అక్కర్లేదు. ఒక గ్లాసు నీళ్ళు చాలు. ఆ నడక రాత్రి భోజనం బలంతోనే సాగిపోతుంది. ముందా తర్వాతా అని వాదించుకునేటప్పుడు మనం మరిచిపోయేది ఈ రాత్రి భోజనాన్నే. రాత్రి ఏడింటికే ఒక పుల్కాతో సరిపెట్టుకుని పడుకున్నవాళ్ళకు, పదింటికి కడుపునిండా పెరుగన్నం తిన్నవాళ్ళకు ఐదున్నరకి ఒకే ఓపిక ఉండదు. కళ్ళు తిరుగుతున్నాయంటే ముందు చూసుకోవలసింది రాత్రి ఏం తిన్నామన్నదే.

ఇక కొవ్వు సంగతి. పరగడుపున నడిచేటప్పుడు శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుందన్నది నిజం. తిని నడిస్తే ఇన్సులిన్ పెరిగి కొవ్వు కరగడం కొంత తగ్గుతుంది. కానీ ఆ గంటలో ఏం ఖర్చయిందన్నది ఒకటి, నెల తిరిగేసరికి నడుం ఎంత తగ్గిందన్నది ఇంకొకటి. 2014లో అమెరికాలో 20 మంది యువతులతో ఒక పరిశోధన చేశారు. వారానికి మూడు రోజులు గంటసేపు వ్యాయామం, నాలుగు వారాల పాటు. సగం మంది తిని చేశారు, సగం మంది పరగడుపున చేశారు. తిండిని లెక్క ప్రకారం తగ్గించారు కాబట్టి రెండు జట్లూ బరువు తగ్గాయి, కానీ ఒకరు ఎక్కువ తగ్గి ఒకరు తక్కువ తగ్గడమన్నది లేదు. 2019లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంవాళ్ళు అధిక బరువున్న మగవాళ్ళ మీద ఆరు వారాల అధ్యయనం ప్రచురించారు. అల్పాహారానికి ముందు వ్యాయామం చేసినవాళ్ళలో కొవ్వు వాడకం రెట్టింపయింది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. బరువు తగ్గడంలో మాత్రం అక్కడా తేడా రాలేదు. పరగడుపు నడక వల్ల మేలు ఉంది, ముఖ్యంగా ఇన్సులిన్ విషయంలో. పొట్ట తగ్గించే పని మాత్రం రోజు మొత్తం మీద మనం తినే తిండిదే.

నడక వేరు, ఒళ్ళు విరిచే శ్రమ వేరు. మన పల్లెల్లో నాగలి పట్టేవాడు పరగడుపున పొలానికి వెళ్ళేవాడు కాదు. కోస్తాలో చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని బయల్దేరేవాడు. తెలంగాణలో అంబలి తాగి వెళితే, పొద్దెక్కాక ఇంటి నుంచి సద్ది వచ్చేది. ఆ తిండి ఆ పనికి ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. అరుగుదలకు కష్టం లేని పిండిపదార్థం, చెమటతో పోయే ఉప్పు, దానితోపాటే బోలెడు నీళ్ళు. వాళ్ళకు గ్లైకోజెన్ పేరు తెలియకపోయినా, గంటల తరబడి ఎండలో వంగి పనిచేయాలంటే ఏం కావాలో తెలుసు. పెద్దల మాట చద్దిమూట అన్నప్పుడు ఆ చద్దిని అంత గొప్పగా ఎందుకు చెప్పుకున్నారో పొలం పని చేసినవాళ్ళకు అర్థమవుతుంది.

ఆ తెలివి ఇప్పుడు ఎవరికి కావాలంటే, పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న మన కుర్రవాళ్ళకు. ఇంకా చీకటి ఉండగానే కాలేజీ మైదానాల్లో, ఊరి బయట రోడ్ల మీద 1600 మీటర్ల పరుగు సాధన చేస్తుంటారు. హాస్టల్లో టిఫిన్ ఎనిమిదింటికి గానీ దొరకదు. రాత్రి మెస్సులో తిన్నది అంతంతమాత్రం. అంత వేగంగా పరుగెత్తేటప్పుడు కండరం ప్రధానంగా ఆధారపడేది గ్లూకోజు మీదే, కొవ్వు అంత త్వరగా శక్తినివ్వలేదు. వాళ్ళు లేవగానే ఒక అరటిపండు తిని, నీళ్ళు తాగి, అరగంట తర్వాత పరుగు మొదలుపెట్టడం మేలు. అరటిపండులో పాతిక గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది, కడుపులో బరువూ ఉండదు. నాలుగు ఖర్జూరాలైనా అంతే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరాలనుకునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. దర్శనమయ్యే దాకా ఏమీ ముట్టనని మొక్కుకున్నవాళ్ళ భక్తిని నేను తక్కువ చేయను. అయితే వయసు మళ్ళినవాళ్ళు, మందులు వాడేవాళ్ళు ఆ మొక్కుకు ముందు తమ వైద్యుడితో ఒక మాట అనుకోవాలి.

మన పాత వైద్యగ్రంథాలు ఈ విషయంలో ఎంతో మెలకువతో ఉన్నాయి. ఆకలితో, దప్పికతో ఉన్నవాళ్ళు వ్యాయామం మానాలని చరకసంహిత చెబుతుంది. అజీర్ణంతో ఉన్నవాళ్ళు మానాలని, బలవంతులైనా తమ శక్తిలో సగం మేరకే చేయాలని వాగ్భటుడి అష్టాంగహృదయం చెబుతుంది. అంటే అరగని తిండితోనూ వద్దు, నకనకలాడే కడుపుతోనూ వద్దు. పరగడుపున ఉన్న ప్రతివాడికీ ఆకలి వేయదు. ఆకలి వేయనప్పుడు హాయిగా నడవవచ్చు. ఆకలి వేస్తుంటే మాత్రం కాస్త తిని బయల్దేరాలి.

నిండుగా తిని వెంటనే శ్రమపడటం ఎందుకు మంచిది కాదో కూడా తెలుసుకోవాలి. భోజనం చేశాక రక్తం జీర్ణాశయం వైపు, పేగుల వైపు ఎక్కువగా వెళుతుంది. అదే సమయంలో పరుగు మొదలుపెడితే కాళ్ళూ రక్తం అడుగుతాయి, గుండె రెండు పనులకూ అందించాల్సి వస్తుంది. గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నవాళ్ళకు ఇది ప్రమాదం. ఆంజైనా అనే గుండెనొప్పిని ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్ 1772లో వర్ణించినప్పుడే, అది నడిచేటప్పుడు, అందులోనూ ఎత్తు ఎక్కేటప్పుడు, తిన్న కాసేపటికే వస్తుందని గుర్తించాడు. తిన్నాక నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుండి, ఆగితే తగ్గిపోతుంటే దాన్ని గ్యాస్ అనుకుని సరిపెట్టుకోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అయితే తిన్నాక నెమ్మదిగా వేసే నాలుగడుగుల సంగతి వేరు. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 2016లో టైప్ 2 మధుమేహం ఉన్న 41 మందిని పరిశీలించింది. రోజుకొకసారి అరగంట నడవడం కన్నా మూడు పూటలా తిన్న తర్వాత పదేసి నిమిషాలు నడవడం వల్ల భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం. భోజనం చేశాక నూరడుగులు వేయమని మన పెద్దలు చెప్పిందీ ఇదే. షుగరు ఉన్నవాళ్ళు పొద్దుటి నడకతోపాటు రాత్రి అన్నం తిన్నాక వీధి చివరిదాకా వెళ్ళి వస్తే ఎంతో లాభం.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది అని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. వాళ్ళలో ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు పరగడుపు నడక అందరికీ ఉన్నట్టు ఉండదు. ఈ మాత్రలు కడుపులో తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. నడక వల్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును ఇంకా లాగేసుకుంటాయి. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే, లేవగానే మాత్ర వేసుకుంటారు, నడిచి వస్తారు, స్నానం చేస్తారు, పూజ చేస్తారు, ఆ తర్వాత టిఫిన్. అప్పటికి రెండు గంటలు గడిచిపోతాయి. ఈ లోపల చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండెదడ, మాట తడబడటం దానికి గుర్తులు. బీపీకి వాడే కొన్ని మందుల వల్ల ఆ గుండెదడ కూడా తెలియకుండా పోతుంది.

ఇలాంటివాళ్ళు మాత్రను టిఫిన్‌కు జతచేసుకోవచ్చా, నడకకు ముందు ఏం తినాలి అన్నది తమ డాక్టరును అడిగి ఖాయం చేసుకోవాలి. జేబులో గ్లూకోజు పొడో చక్కెర పొట్లమో ఉండాలి. గుర్తులు కనిపిస్తే మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగి కూర్చోవాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ భయం చాలా తక్కువ. పరగడుపు రక్తపరీక్ష ఉన్న రోజున మాత్రం షుగరు ఉన్నా లేకున్నా నడక మానుకోండి, నడిచి వెళితే లెక్క మారవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకు పొద్దుటి నడక చక్కగా కలిసివస్తుంది. ఆ మాత్రకూ టిఫిన్‌కూ మధ్య ఎలాగూ అరగంట నుంచి గంట ఎడం ఉండాలి కదా, ఆ వ్యవధిలో నడిచి రావచ్చు.

నడిచి వచ్చాక ఏం తినాలన్నది ముందు తినాలా వద్దా అన్నదానికి ఏమాత్రం తీసిపోని ప్రశ్న. బండి దగ్గర ఆగి పూరీ, బజ్జీ తింటే అరగంట నడకలో ఖర్చయిన దానికి మించి ఒంట్లోకి చేరుతుంది. పెసరట్టు, ఉడికించిన సెనగలు, గుడ్డు, రాగిజావతోపాటు ఒక గ్లాసు పాలు, వీటిలో ఏదైనా మంచిదే. అరవై దాటినవాళ్ళకు కండ తరిగిపోతూ ఉంటుంది కాబట్టి మాంసకృత్తులున్న టిఫిన్ మరీ అవసరం. ఉప్మాతో కడుపు నిండుతుంది, కండకు మాత్రం అందేది తక్కువ.

ఇంతదాకా మాట్లాడుకున్నదంతా తన వేళ తన చేతిలో ఉన్న మనిషి గురించి. నా మనసు ఎక్కువగా వెళ్ళేది అలా లేని మనిషి మీదికే. ఐదింటికి లేచి, పిల్లల క్యారేజీలు కట్టి, అత్తమామలకు కాఫీ ఇచ్చి, పిల్లల్ని బస్సెక్కించి, అప్పుడు అరగంట నడకకు వెళ్ళే ఇల్లాలు అప్పటివరకూ తాగింది ఒక కాఫీ. తిరిగి వచ్చి అందరూ తిన్నాక మిగిలింది పదింటికో పదిన్నరకో తింటుంది. ఆమెది పరగడుపు నడక కాదు, రాత్రి నుంచీ సాగుతున్న ఉపవాసంలో ఇంకొక పని. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువైన మనిషికి నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని ఇంకా నడవమంటాం. ఆమెకు కావలసింది రక్తపరీక్ష, వేళకు తిండి. ఆ తిండితోపాటే కాఫీ టీలు తాగకపోవడం కూడా ముఖ్యం, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

కాబట్టి నా జవాబు ఇది. మామూలు నడకకు పరగడుపున వెళ్ళండి, నీళ్ళు తాగి వెళ్ళండి. పరుగుకో కొండకో ఒక అరటిపండు తిని వెళ్ళండి. షుగరుకు ఇన్సులిన్‌గానీ నేను చెప్పిన మాత్రలుగానీ వాడుతుంటే డాక్టరు చెప్పిన వేళకు తినండి. రేపటి నడక ఎలా ఉండాలో ఈ రాత్రి కంచం ముందే నిర్ణయించుకోండి. నడిచి వచ్చిన ప్రతి మనిషికీ గంటలోపు కంచంలో వేడి టిఫిన్ ఉండాలి. దాన్ని వండిన మనిషి కూడా అందరితోపాటు కూర్చుని తినాలి.