ఊతం

తీగకూ మనిషికీ ఉన్న అనుబంధం మన సాహిత్యమంత ప్రాచీనమైనది. కాళిదాసు శకుంతల తన ఆశ్రమంలోని నవమల్లికకు ‘వనజ్యోత్స్న’ అని పేరు పెట్టుకొని, దానిని తోబుట్టువుగా భావించింది. ఆ తీగ తియ్యమామిడిని అల్లుకొంటే ఆమె కంటికి అది స్వయంవరంగా తోచింది. అత్తవారింటికి పయనమైన వేళ ఆ తీగను కౌగిలించుకొని మరీ వీడ్కోలు తీసుకొన్నది. నేడు ఆశ్రమాలు లేవు. మామిడితోపులు ఊళ్ళకు దూరమైనాయి. అయినా పచ్చదనం మీద మనిషికి మమకారం చావలేదు. అద్దె ఇంటి కిటికీలో, గాజు సీసాలోని గుక్కెడు నీళ్ళలో ఒక తీగ మనతో కాపురం చేస్తూనే ఉన్నది. అదే మనీ ప్లాంటు.

దీని పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మూరియా అనే చిన్న దీవి. శాస్త్రజ్ఞులు దీనిని ‘ఎపిప్రెమ్నమ్ ఆరియమ్’ అంటారు. ఆరియమ్ అనగా లాటిన్ భాషలో బంగారు వన్నె గలది. హృదయాకారపు ఆకుల మీది పసుపు చారలను చూస్తే ఆ పేరు సార్థకమనిపిస్తుంది. ఆ బంగారం తప్ప ఇది తెచ్చిపెట్టే ధనమేదీ ఇన్నేళ్ళ పరిచయంలో నాకు కనబడలేదు.

ఈ తీగ కోరేది స్వల్పం. కణుపు ఉన్న ముక్కను నీటిలో ఉంచితే కొద్ది వారాలలోనే వేళ్ళు దిగుతాయి. కణుపు లేని కాడ ఎన్నాళ్ళు ఉంచినా తీగ కాదు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన కుండీ దీనికి చాలు. వెలుతురు కావాలి గాని నడినెత్తిన ఎండ పనికిరాదు. రోళ్ళు పగిలే రోహిణీకార్తెలో దీనిని నీడకు చేర్చకపోతే ఆకులు మాడిపోతాయి. అట్లని ప్రేమ కొద్దీ పూటపూటకూ నీరు పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. పైమట్టి ఆరినదని వేలితో తాకి తెలుసుకొన్న తరువాతనే పోయాలి. సీసాలో పెంచేవారు వారం తిరగకుండా నీటిని మార్చి, సీసాను రుద్ది కడగాలి. లేకపోతే అందులో డెంగీ దోమ కాపురం పెడుతుంది. ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది కనుక పసిపిల్లలకు అందనీయరాదు.

మా కళాశాల వరండాలో ఈ తీగ కుండీలో నుండి కిందికి వేలాడుతూ ఉండేది. దాని ముక్కనే ఒకదానిని ఎవరో పెరటి కొబ్బరిచెట్టు మొదట నాటారు. ఒక ఏడాది, పల్లెటూరి నుండి వచ్చి హాస్టలులో చేరిన విద్యార్థి ఒకడు టి.సి. కోసం దరఖాస్తు రాసుకొని నా వద్దకు వచ్చాడు. తెలుగు మాధ్యమంలో చదివినవాడు. ఆంగ్లంలో సాగే పాఠాలు అందక మొదటి పరీక్షలలోనే తప్పాడు. తెలియనిది ఎవరినైనా అడగవచ్చు గదా అంటే, “అడిగితే చులకనవుతాను సార్” అన్నాడు. నేను మారుమాట్లాడక అతనిని పెరటిలోకి తీసుకొనిపోయాను. కొబ్బరిచెట్టు మీద చేటంత ఆకులు, అంచులు చీలి, గాలికి ఊగుతున్నాయి.

“ఇది ఏం మొక్క సార్?” అన్నాడు.

“వరండాలో వేలాడుతున్నదే ఇదీను. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేక దాని ఆకు అరచేయి దాటలేదు. ఇక్కడ దీనికి చెట్టు దొరికింది” అన్నాను.

అతడు మొదటి నుండి చివరి దాకా ఆ తీగను చూశాడు. కణుపు కణుపునా పుట్టిన వేళ్ళు చెట్టు బెరడును గట్టిగా పట్టుకొని ఉన్నాయి. దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకొన్నాడు. మరునాడు భౌతికశాస్త్ర అధ్యాపకుని గది ముందు నోటుపుస్తకంతో నిలబడి ఉండడం చూశాను.

మనీ ప్లాంటును దొంగిలించి తెస్తేనే కలిసివస్తుందని కొందరి నమ్మకం. దీని చరిత్ర తెలిసినవారికి ఆ మాట వింతగా తోస్తుంది. ఈ తీగ దాదాపుగా పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను దీనిలో తగినంత తయారు కాకపోవడమే కారణమని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. పువ్వు లేదు కనుక విత్తనమూ లేదు. అయినా ఇది వెచ్చని దేశాలన్నింటా విస్తరించింది. ఒకరు తుంచి ఇస్తే మరొకరు నాటుకోవడమే దీనికి వంశవృద్ధి. అయితే ఆ ఇచ్చే చేతికి విచక్షణ ఉండాలి. అడవిలో పారవేసిన ముక్క కూడా బ్రతికి స్థానిక వృక్షాలను కప్పివేస్తుంది. శ్రీలంకలోని క్యాండీ నగరం చెంత ఉడవత్తకెలె అభయారణ్యానికి ఈ బెడద పట్టింది.

విద్యార్థులారా! మీ ఇంట ఈ తీగ ఉంటే దాని పక్కన కొబ్బరిపీచు చుట్టిన కర్ర ఒకటి నిలబెట్టండి. అది ఎక్కడం మొదలుపెట్టాక ఒక ముక్క తుంచి, హాస్టలుకు కొత్తగా వచ్చి బిక్కుబిక్కుమంటున్న వారెవరికైనా ఇవ్వండి. కణుపు చూసి మరీ తుంచండి.