కాసులపేరు

నేను ఎమ్మే చదివిన ఆంధ్ర విశ్వవిద్యాలయమూ, మా మామ్మా ఒకే సంవత్సరంలో పుట్టారు – 1926లో. విశ్వవిద్యాలయం సంగతి చెప్పడానికి శిలాఫలకాలున్నాయి. మామ్మ సంగతి చెప్పడానికి మేమున్నాం. అందులో నేను చెప్పవలసింది కొంచెం సిగ్గుపడుతూ చెప్పవలసిన సంగతి.

మామ్మది కోనసీమ. శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చింది గదా. ఆవిడ తండ్రి చట్టానికి జడిసి, పిల్లకు పద్నాలుగేళ్లు నిండేదాకా ఆగి, నిండిన నెలలోనే పెళ్లి చేసేశాడట. "ఆ చట్టం ధర్మమా అని ఇంకో నాలుగేళ్లు ఒప్పులకుప్ప ఆడుకున్నానురా" అని నవ్వేది. పెళ్లిలో అత్తవారు ముప్పైరెండు కాసులపేరు పెట్టారు. ఆ పేరు వేసుకుని మామ్మ కూర్చున్న పాతఫోటో ఒకటి మా సావిట్లో ఉండేది.

ఇంటికి ఎవరు వచ్చినా "భోజనం చేశారా?" అని మామ్మ అడిగేది కాదు. అడిగితే మొహమాటానికి చేశామంటారని ఆవిడ సిద్ధాంతం. "కాళ్లు కడుక్కోండి, విస్తరి వేశాను" అనేది. అంతే! వచ్చినవాడు మరి మాట్లాడకుండా నూతి దగ్గరకు నడిచేవాడు. ఇద్దరు కొడుకులూ, ముగ్గురు కూతుళ్లూ, వాళ్ల పిల్లలూ – ఎవరికి ఏ పచ్చడి ఇష్టమో, ఎవరికి ఏది పడదో, తొంభై ఏళ్లు దాటాక కూడా ఆవిడ మరచిపోలేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానును కోనసీమవాళ్లెవరూ మరచిపోలేరు. తెల్లవారి చూస్తే మా తోటలో కొబ్బరిచెట్లు సగానికి సగం విరిగి పడివున్నాయి. నాన్నగారు అరుగుమీద తలపట్టుకు కూర్చున్నారు. కొత్తమొక్క పెట్టి కాపు చూడాలంటే అయిదారేళ్లు. ఆ అయిదారేళ్లూ ఇల్లెలా గడిచిందో పిల్లలం మేము అడగలేదు, పెద్దలు చెప్పలేదు.

2000లో నాకు ఎమ్మేలో సీటు వచ్చింది. స్కాలర్‌షిప్పు తప్పక వస్తుందన్నారు. రాలేదు. చదువు మానుకుందామనుకున్నాను. ప్రయాణం రద్దు చేసుకున్న రోజు సాయంత్రం మామ్మ నన్ను తులసికోట దగ్గరకు పిలిచి, చేతిరుమాలులో మూటకట్టిన డబ్బు నా చేతిలో పెట్టింది.

"మూడు కాసులు తీశాన్రా. ఎవరితోనూ అనకు. అడిగితే స్కాలర్‌షిప్పు వచ్చిందని చెప్పు."

అలాగే చెప్పాను. "మంచిదే నాయనా" అంది అమ్మ. చెప్పగా చెప్పగా ఆ అబద్ధం నాకే నిజమైపోయింది. లెక్చరర్నయ్యాక క్లాసులో పిల్లలకు సైతం, "నేను స్కాలర్‌షిప్పుతో చదువుకున్నవాణ్ణి" అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

2019లో మామ్మ వెళ్లిపోయింది. తొంభైమూడేళ్లు. నాన్నగారు అప్పటికే లేరు. పన్నెండోనాడు భోజనాలయ్యాక అందరూ సావిట్లో చేరారు. మామ్మ కావిడిపెట్టె తెరిచారు. రెండు నేతచీరలు, పాత పంచాంగాల కట్ట, ఒక భరిణె. భరిణెలో పట్టుతాడు మాత్రం ఉంది. ఒక్క కాసు లేదు!

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు మా పెద్దత్త అంది: "వదినకే తెలియాలి. అమ్మను ఇన్నేళ్లూ కనిపెట్టుకుని ఉన్నది తనే గదా!"

మాట మెత్తగానే ఉంది. లోపల ముల్లుంది. అమ్మ తలెత్తలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాకు తెలుసు, మూడు కాసులు ఎటుపోయాయో. అయినా నోరు పెగల్లేదు. మామ్మకిచ్చిన మాట ఒకటి. అంతకన్నా, ఇరవైయేళ్లుగా చెప్పుకుంటున్న స్కాలర్‌షిప్పు గొప్ప పోతుందన్న భయం ఒకటి. అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మూడు కాసులు నేను తిన్నాను, అత్తా!" అన్నాను చివరకు.

బాబాయి చప్పున నావైపు తిరిగాడు. "నీకూ ఇచ్చిందా? తుఫాను తర్వాత తోటలో మొక్కలు వేయడానికి నాకు ఆరిచ్చింది. ఎవరితోనూ అనకంది." చిన్నత్త కళ్లొత్తుకుంటూ తన కూతురి పెళ్లి సంగతి చెప్పింది. పాలు పోసే మనిషి గుమ్మంలోంచే, "మా పిల్ల నర్సు చదువుకి రెండండి" అంది. అందరికన్నా ఆఖరున పెద్దత్త, మామయ్యగారి ఆపరేషనునాటి మాట చెప్పి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎవరికివారే, మామ్మ తమకొక్కరికే ఇచ్చిందనుకుంటున్నారు! ఇరవైఎనిమిది కాసులకు లెక్క తేలింది. తక్కిన నాలుగూ ఎవరింట దీపం పెట్టాయో ఇప్పటికీ తెలియదు.

పెద్దత్త వంటింట్లోకి వెళ్లి అమ్మ చేతిలో గిన్నె అందుకుంది. ఇద్దరూ ఏమనుకున్నారో నేను వినలేదు.

ఆ రాత్రి అమ్మనడిగాను: "నీకు ఇదంతా తెలియదామ్మా?"

"తెలియకేం? ప్రతిసారీ అమలాపురం తీసుకెళ్లి అమ్ముకొచ్చింది నేనే గదా!"

"నా మూడు కాసులూ?"

"అవీ నేనే."

"మరి అంతమాట అంటుంటే చెప్పలేదేం?"

"అత్తయ్యగారు ఎవరితోనూ అనవద్దన్నారు" అంది అమ్మ, దుప్పటి దులుపుతూ.

నా అయిదు నిమిషాల మౌనమూ, అమ్మ అన్నేళ్ల మౌనమూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. నాకు నిద్ర పట్టలేదు.

సెలవులయ్యాక కాలేజీకి వెళ్లిన మొదటి రోజున క్లాసులో పాఠం మొదలుపెట్టే ముందు, నేను స్కాలర్‌షిప్పుతో చదువుకోలేదనీ, మా మామ్మ మూడు కాసులతో చదువుకున్నాననీ పిల్లలకు చెప్పాను. వెనకబెంచీలో ఎవరో నవ్వారు. నవ్వనీ!